మళ్లీ ఆ బంతిలో



కృష్ణా డెల్టాలో పుట్టి దూరదేశాల్లో స్థిరపడినవాళ్లు సెలవులకు వచ్చినప్పుడు వాళ్ల రోజులు ఎలా గడుస్తాయో ఊళ్లో అందరికీ తెలుసు. పొలం ఒకసారి చూసుకోవాలి. కౌలు లెక్క తేల్చుకోవాలి. బ్యాంకు పనులు, పంటి డాక్టరు, రెండు పెళ్లిళ్లు, నాలుగు పలకరింపులు. వీటి మధ్యలో ఎలాగో ఒక పూట మిగుల్చుకుని కొందరు ఇంకోచోటికి బయల్దేరతారు. చిన్నప్పుడు అమ్మమ్మ వెంట వెళ్లి రోజుల తరబడి ఉండిపోయిన ఆశ్రమం అది కావచ్చు. సండే స్కూల్లో పాటలు నేర్చుకున్న చర్చి కావచ్చు. అక్కడ తమను గుర్తుపట్టేవాళ్లు ఉన్నారో లేరో తెలియదు. అయినా వెళతారు. ఈ ప్రసంగం అలాంటివాళ్ల గురించి, వాళ్లను మళ్లీ తమలో కలుపుకునే చోట్ల గురించి.

తెనాలి దాటి మద్రాసు వైపు వెళ్లే రైలు మార్గంలో మొదట వచ్చే స్టేషను చుండూరు. ఆ తర్వాత మోదుకూరు, నిడుబ్రోలు, మాచవరం, అప్పికట్ల, బాపట్ల. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు చుండూరు మండలం బాపట్ల జిల్లాలో చేరింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. కాగితాల మీద గీత అలా పడింది గానీ పెళ్లి సంబంధాలకూ, సంతలకూ, మొక్కులకూ ఇదంతా ఎప్పటినుంచో ఒకే సీమ. ఖరీఫ్‌లో వరి, కోతలయ్యాక మినుమో మొక్కజొన్నో. ఈ చిన్న రైలు దారికి అటూ ఇటూ ఎన్నో భక్త బృందాలు పుట్టాయి. వాటిలో చాలామంది పిల్లలు తమ చిన్నతనాన్ని గడిపిన చోటు, ఇప్పుడు పెద్దవాళ్లై తిరిగి వస్తున్న చోటు, బాపట్ల దగ్గరి జిల్లెళ్లమూడి.

పొన్నూరు దగ్గర మన్నవ అనే ఊళ్లో 1923 మార్చి 28న, చైత్ర శుద్ధ ఏకాదశినాడు, సీతాపతి, రంగమ్మ దంపతులకు ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు అనసూయ. చిన్నతనంలోనే తల్లి పోయింది. బంధువుల ఇళ్లలో, ముఖ్యంగా బాపట్లలో, పెరిగింది. 1936 మే 5న బ్రహ్మాండం నాగేశ్వరరావు గారితో ఆమె పెళ్లి బాపట్లలోనే జరిగింది. ఆయన జిల్లెళ్లమూడి కరణం. అలా కరణంగారి భార్యగా ఆ ఊరికి కాపురానికి వెళ్లిన అనసూయాదేవి, కొన్నేళ్లకే ఊరందరికీ, ఆ తర్వాత రాష్ట్రమంతటికీ జిల్లెళ్లమూడి అమ్మ అయ్యారు. భర్తను వచ్చినవాళ్లంతా నాన్నగారు అన్నారు. వచ్చినవాళ్లు ఒకరినొకరు అన్నయ్య, అక్కయ్య అని పిలుచుకున్నారు. దీక్ష ఇవ్వడం, మంత్రం ఉపదేశించడం, ఫలానా నియమం పాటించమనడం అక్కడ ముఖ్యం కాలేదు. వచ్చినవాళ్లను అమ్మ ముందు అడిగేది అన్నం తిన్నారా అనే.

ఆ అడగడం వెనక ఒక ఏర్పాటు ఉంది. ఊళ్లో ప్రతి ఇల్లూ వంట బియ్యంలోంచి రోజూ ఒక పిడికెడు తీసి పక్కన పెడితే, పస్తులున్న ఇంటికి అది కూడు అవుతుందని అమ్మ ముందే ఊళ్లోవాళ్లకు చెప్పి చేయించారు. 1958 ఆగస్టు 15న అన్నపూర్ణాలయం మొదలైంది. ఎవరు వచ్చినా, ఏ వేళ వచ్చినా, కులం అడగకుండా, ఎందుకొచ్చావని అడగకుండా అన్నం పెట్టడం దాని పని. ఆనాడు వెలిగించిన గాడిపొయ్యి ఇప్పటిదాకా ఆరలేదని అక్కడివాళ్లు చెబుతారు. 1973లో అమ్మకు యాభై ఏళ్లు నిండిన సందర్భంగా జరిగిన స్వర్ణోత్సవాన్ని లక్షమంది కూర్చుని భోంచేసిన ఉత్సవంగా ఇప్పటికీ తలుచుకుంటారు. అప్పటికి అదొక చిన్న పల్లె. రోడ్డు సరిగా లేదు. అంతమందికి వండి వడ్డించింది కూలికి పిలిచిన వంటవాళ్లు మాత్రమే కాదు, చేతులు కడుక్కుని వచ్చి గరిటె పట్టుకున్న వందలాది అన్నయ్యలూ అక్కయ్యలూ.

ఆ కాలంలో జిల్లెళ్లమూడి చేరడమే ఒక పని. బాపట్ల నుంచి గుంటూరు వెళ్లే రోడ్డులో ఏడో మైలు దగ్గర బస్సు దిగాలి. అక్కణ్నుంచి నడక. వానాకాలమైతే నల్లరేగడి బురద మోకాళ్ల దాకా వచ్చేది. చెప్పులు చేత్తో పట్టుకుని, మూట నెత్తిన పెట్టుకుని, చంటిపిల్లను చంకన ఎత్తుకుని జనం వెళ్లేవారు. 1960ల్లో, 70ల్లో అలా నడిచిన పిల్లలకు ఇప్పుడు అరవై ఏళ్లు దాటుతున్నాయి. వాళ్లలో కొందరు డాక్టర్లు, ఇంజనీర్లు, లెక్చరర్లు అయ్యి దేశదేశాల్లో ఉన్నారు. ఇలా తిరిగివచ్చిన వాళ్లను కదిలిస్తే అమ్మ చేసిన బోధ గురించి కంటే ముందు చెప్పేది ఆ బురద గురించి, నడిచివచ్చిన ఆకలి మీద తిన్న అన్నం గురించి. ఎవరి పిల్లలో తెలియని పది పదిహేనుమంది మధ్య చాప మీద పడుకున్న రాత్రుల గురించి. ఆ వయసులో వాళ్లకు అదొక ఆధ్యాత్మిక సంస్థ అని తెలియదు. సెలవులకు వెళ్లే పెద్ద ఇల్లు, అంతే. అక్కడి భవనం పేరు కూడా అందరిల్లే.

1985 జూన్ 12న అమ్మ శరీరం వదిలారు. అంతకు నాలుగేళ్ల ముందు, 1981లో, నాన్నగారు పోయారు. ఇద్దరూ ఇప్పుడు అనసూయేశ్వరాలయంలో ఉన్నారు. వాళ్ల కూతురు హైమ 1968లోనే చిన్నవయసులో కన్నుమూసింది, ఆమె పేరున హైమాలయం ఉంది. పిల్లలప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకున్న మనిషి లేని చోటికి తిరిగి రావడం ఎవరికైనా కష్టమే. చాలామంది 1985 తర్వాత రావడం మానేశారు. కొందరికి చదువులు, కొందరికి విదేశీ ఉద్యోగాలు, కొందరికి ఆ ఖాళీని చూడలేని బాధ. ఏళ్లు గడిచాయి.

మనిషి చుట్టూ అల్లుకున్న భక్త బృందాలు ఆ మనిషి వెళ్లిపోయాక తరచుగా రెండు దార్లలో ఒకటి పడతాయి. విగ్రహం దగ్గర పూజ పెరిగి, మనుషుల మధ్య మాట తగ్గుతుంది. లేదా వారసత్వం తగువులతో చీలికలు వస్తాయి. జిల్లెళ్లమూడిలో పూజలు పెరిగిన మాట నిజమే. అఖండ నామసంకీర్తన ఉంది, చైత్రంలో పుట్టినరోజు ఉంది, మే 5న కల్యాణదినం ఉంది, జూన్‌లో అనంతోత్సవాలు ఉన్నాయి. అయితే వాటన్నిటికంటే పాతదైన వంటశాల ఆగలేదు. అక్కడి సంస్థ శ్రీ విశ్వజననీ పరిషత్ దాన్ని నడుపుతోంది. ఏటా ఫిబ్రవరిలో నాన్నగారి ఆరాధన రోజుల్లో ధాన్యాభిషేకం జరుగుతుంది. దగ్గరి ఊళ్ల రైతులూ దూరాన్నుంచి వచ్చినవాళ్లూ సమర్పించిన ఆ గింజలు చివరికి అన్నపూర్ణాలయానికే చేరతాయి. అక్కడ అభిషేకం చేసిన గింజే తర్వాత ఎవరి విస్తట్లోనో అన్నమవుతుంది.

నలభై ఏళ్ల తర్వాత తిరిగి వచ్చినవాళ్లను ఈ వంటశాలే కలుపుకుంటోంది. మధ్యాహ్నం భోజనాల వేళ చూస్తే ఇది అర్థమవుతుంది. బారుగా జనం కూర్చుంటారు. ముందు విస్తళ్లు పడతాయి, వెనకే నీళ్లు. పచ్చడి ఒక మూల, కూర దాని పక్కన, తర్వాత అన్నం. పప్పు బకెట్టు పట్టుకున్న మనిషి వంగి వంగి వస్తుంటాడు. అతని వెనక చారు, ఆ వెనక మజ్జిగ. పక్కన కూర్చున్నది పొలం పని మధ్యలో వచ్చిన కూలీ కావచ్చు, పాఠశాల పిల్లాడు కావచ్చు, హైదరాబాదు నుంచి వచ్చిన అధికారి కావచ్చు. ఎవరూ పేరు అడగరు. ఇంకొంచెం వేయనా అని మాత్రం అడుగుతారు. వద్దంటే రెండోసారి కూడా అడుగుతారు.

తిరిగి వచ్చిన ఒకావిడ తిన్న విస్తరి తీసి పడేసి చేతులు కడుక్కుంటుంటే, అక్కడి పెద్దావిడ ఎవరో వచ్చి, "ఎవరమ్మాయివే నువ్వు?" అని అడగడం ఈ ప్రాంతపు పద్ధతి. తండ్రి పేరు చెబితే చాలదు. ఊరు చెప్పాలి, తాతగారి పేరు చెప్పాలి, ఏ సంవత్సరాల్లో ఏ గదిలో ఉండేవారో చెప్పాలి. అప్పుడు పెద్దావిడ ముఖం వికసిస్తుంది. "ఓసి, నువ్వా! పేలాలు కావాలని ఏడ్చేదానివి." ఆ తర్వాత, "రెండో బంతికి మనిషి తక్కువున్నారు, మజ్జిగ పట్టుకో అక్కయ్యా," అంటుంది. తనకంటే ఇరవై ఏళ్లు చిన్నదాన్ని కూడా అక్కయ్యా అనే పిలుస్తుంది. ఇలాంటి మాటలు అక్కడ ఏ పండగరోజున చూసినా వినిపిస్తాయి. వచ్చినావిడ అతిథిగా ఉండిపోయేది ఆ మజ్జిగ బకెట్టు చేతికొచ్చేదాకానే.

ఆ పిలుపుకి ఉన్న బలాన్ని ఈ సీమ చరిత్ర తెలిసినవాళ్లు తేలిగ్గా తీసుకోరు. కులాన్ని బట్టి బంతులు వేరైన ఊళ్లివి. కరణంగారి ఇంటి కోడలు 1950ల్లోనే అందరినీ ఒక బంతిలో కూర్చోబెట్టి తన చేత్తో ముద్దలు కలిపి పెట్టడం ఆనాడు ఎంతమంది కళ్లు ఎర్రబడేలా చేసి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇక్కడ చుండూరు పేరు మళ్లీ చెప్పుకోవాలి. 1991 ఆగస్టు 6న ఆ ఊళ్లో ఎనిమిదిమంది దళితులను వెంటాడి చంపారు. చాలా కుటుంబాలు ఇళ్లు వదిలి తెనాలి వెళ్లి తలదాచుకున్నాయి. చనిపోయినవాళ్లను పాతిపెట్టిన చోటు రక్తక్షేత్రం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టును ఆ ఊళ్లోనే పెట్టారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఆ దళితవాడలో పెరిగి బయట చదువుకున్న పిల్లలు తిరిగి వచ్చే రోజుల్లో ఆగస్టు 6 ఒకటి. వాళ్లు సమాధుల దగ్గర నిలబడి పేర్లు చదువుతారు. ఊరికి తిరిగి రావడం అంటే అందరికీ ఒకే రకమైన సంతోషం కాదు. సొంతూరి మట్టి మీద కాలు పెట్టగానే గుండె బిగుసుకునేవాళ్లూ ఈ నేల పిల్లలే. ఒకే బంతి అనే మాటకు ఈ డెల్టాలో ఎంత బరువుందో వాళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ఆ వాడల్లో చిన్ననాటి భక్తి బృందం అంటే చాలామందికి చర్చి. 1842 జులై 31న అమెరికన్ లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ గుంటూరు చేరాడు. ఆయన పాతిన మొక్క రేపల్లె, తెనాలి ప్రాంతాలకు వ్యాపించింది. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడింది. బాపట్ల వైపు సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ ఎక్కువ. 1882 సెప్టెంబరులో ఆ సంస్థ తరఫున బొంబాయిలో దిగిన బూత్ టక్కర్ కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకుని ఈ దేశంలో పని మొదలుపెట్టాడు. 1913లో వెలసిన స్టూవర్టుపురం ఎరుకల సెటిల్‌మెంటును నడిపింది కూడా సాల్వేషన్ ఆర్మీయే. నేరస్థ తెగలని ముద్ర వేసి ఒకచోట కట్టడి చేసిన చరిత్ర అది. అక్కడి పిల్లలకు పాటా చదువూ కూడా ఆ గోడల మధ్యనే దొరికాయి.

డిసెంబరు మూడో వారం నుంచి ఈ ఊళ్ల స్టేషన్లలో బ్యాగులతో దిగేవాళ్ల సంఖ్య పెరుగుతుంది. హైదరాబాదు, బెంగుళూరు, గల్ఫ్, అమెరికా. ఇళ్ల మీద నక్షత్రాలు వెలుగుతాయి. రాత్రిళ్లు కేరల్స్ బృందాలు వాకిట్లోకి వచ్చి డప్పు కొట్టి పాడతాయి. ఏళ్ల తరబడి ఇంగ్లీషు ఆరాధనలకు అలవాటుపడినవాళ్లు పల్లె చర్చిలో కూర్చోగానే పాస్టరుగారు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోంచి పాట నంబరు చెబుతారు. పుస్తకం తెరవకుండానే చరణాలు నోటికొస్తాయి. ఆ పుస్తకంలో పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలున్నాయి. 1803లో పుట్టి 1890లో పోయిన ఆ కవి రాగాలకు కట్టిన మాటలు తెలియకుండానే పిల్లల నాలుకల మీద నిలిచిపోయాయి. పాట అయ్యాక ప్రేమవిందు. అక్కడా పని వడ్డనే. సండే స్కూల్లో పక్కన కూర్చున్న స్నేహితుడు ఇప్పుడు సంఘపెద్ద. అతను వచ్చినవాడి చేతికి అన్నం పళ్లెం ఇచ్చి, "ఆ చివర తాతలున్నారు, ముందు వాళ్లకి వెయ్యన్నా," అంటాడు.

ఈ నేల బయటికి పంపినవాళ్లు కూడా ఉన్నారు. ఎక్కిరాల సోదరులు బాపట్లలో పుట్టారు. పెద్దాయన ఎక్కిరాల కృష్ణమాచార్య 1971లో విశాఖపట్నంలో వరల్డ్ టీచర్ ట్రస్టు స్థాపించి యూరప్‌లోనూ శిష్యులను సంపాదించుకున్నారు. తమ్ముడు ఎక్కిరాల భరద్వాజ కొంతకాలం జిల్లెళ్లమూడిలో గడిపి, తర్వాత విద్యానగరంలో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ షిర్డీ సాయి చరిత్రను తెలుగు ఇళ్లకు చేర్చారు. బయటి నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. అమెరికన్ రచయిత రిచర్డ్ షిఫ్‌మన్ జిల్లెళ్లమూడిలో ఉండి అమ్మ జీవితాన్ని ఇంగ్లీషులో రాశాడు. ఇక్కడ పుట్టిన పిల్లల పిల్లలు ఇప్పుడు అమెరికాలో తమ పెద్దవాళ్లు చెప్పుకున్న అమ్మ కథను ఆ పుస్తకంలో చదువుతున్నారంటే ఆశ్చర్యం లేదు. తెలుగు చదవలేని తరానికి అది ఒక దారి.

ఇంకా పాత వలసలు చూస్తే పుట్టిన నేలను పట్టుకుని ఉండాలనే ఈ కోరిక ఎంత గట్టిదో తెలుస్తుంది. 1830ల నుంచి కూలీలుగా మారిషస్ వెళ్లిన తెలుగువాళ్ల వారసులు అక్కడ ఇప్పటికీ రామభజనం చేస్తారు, సింహాద్రి అప్పన్నకు పూజ చేస్తారు. వాళ్లకు ఈ నేల మీద చిన్నతనం లేదు. ముత్తాతల చిన్నతనాన్ని భజనలో దాచుకున్నారు. డెల్టా నుంచి వెళ్లిన మన తరానికి అంతకంటే పెద్ద అదృష్టం ఉంది. తమను ఎత్తుకున్న చేతుల్లో కొన్ని ఇంకా సజీవంగా ఉన్నాయి.

జిల్లెళ్లమూడికి ఇంకో రకం బంధువులు కూడా ఉన్నారు. 1971లో అక్కడ మాతృశ్రీ ఓరియంటల్ కళాశాల వచ్చింది. చుట్టుపక్కల పేద ఇళ్ల పిల్లలకు చదువూ తిండీ దొరికిన చోటది. సంస్కృతం, తెలుగు చదువుకుని వాళ్లలో చాలామంది తెలుగు పండితులై రాష్ట్రమంతటా బళ్లలో పాఠాలు చెప్పారు. భక్తుల పిల్లలు సెలవులకు వచ్చి వెళ్లేవారైతే, వీళ్లు ఏళ్ల తరబడి అక్కడే ఉండి, అదే అన్నం తిని, పెద్దయ్యారు. వాళ్లలో ఒకరు తిరిగి వచ్చినప్పుడు మొదట అడిగేది ఆలయం గురించి కాదు, తనకు అన్నం పెట్టిన అక్కయ్య ఇంకా ఉందా అని. లేదని తెలిస్తే కాసేపు మాట్లాడకుండా నిలబడి, తర్వాత వంటశాల వైపు వెళతారు.

రేడియోకీ ఈ కథలో భాగముంది. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం నుంచి బాలాంత్రపు రజనీకాంతరావు గారు రూపొందించిన భక్తిరంజని పొద్దున్నే ఈ ఊళ్లన్నిటికీ వినిపించేది. తెనాలిలో కాఫీ హోటలు, చుండూరులో పశువుల పాక, రేపల్లెలో పడవల రేవు, అన్నిచోట్లా అదే పాట. గుడికి వెళ్లే ఇల్లూ చర్చికి వెళ్లే ఇల్లూ ఒకే గొంతు విని లేచేవి. ఆ గొంతులు ఆకాశవాణి నిల్వల్లో కొన్ని మిగిలాయి. మామూలు మనుషుల గొంతులు మాత్రం మిగల్లేదు.

కాబట్టి ఈసారి వచ్చేవాళ్లకు ఒక విన్నపం. ఏడో మైలు నుంచి బురదలో నడిచినవాళ్లు, అన్నపూర్ణాలయం తొలి రోజుల్లో వడ్డించినవాళ్లు, కేరల్స్ బృందంలో పెట్రోమాక్సు మోసినవాళ్లు ఇంకా కొద్దిమందే ఉన్నారు. ఫోను వాళ్ల ముందు పెట్టి గంటసేపు మాట్లాడించండి. ఎవరు వండేవారు, బియ్యం ఎక్కణ్నుంచి వచ్చేది, ఏ ఇంటివాళ్లు మొదట ఒకే బంతిలో కూర్చోవడానికి ఒప్పుకోలేదు, తర్వాత ఎప్పుడు ఒప్పుకున్నారు, ఇవన్నీ అడగండి. పాత ఫొటోలు చూపించి, వెనక పేర్లు పెన్సిల్‌తో రాయించండి. రాసిన దాన్ని పరిషత్ వాళ్ల విశ్వజనని పత్రికకో, మీ సంఘం పత్రికకో పంపండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లండి, వాళ్లకు గుడి మాత్రమే చూపించి వెనక్కి తీసుకురాకండి. కూరలు తరిగే పని పొద్దున్నే మొదలవుతుంది కాబట్టి, ముందురోజు సాయంత్రమే అక్కడికి చేరి, తమకో కత్తిపీట ఇమ్మని అడగమనండి.